నీళ్లు మాత్రమే

బాతెల్, వాషింగ్టన్
ఏప్రిల్ 6

విజయశ్రీ వదినగారికి,

నమస్కారం. మీరు బాగున్నారని మీ తమ్ముడు చెప్పారు కాబట్టి ఆ మాట అడిగి కాగితం ఖర్చు చెయ్యను. మనిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటే ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, చివరికి ఎవరో ఒకరం విసుక్కుని పెట్టేస్తాం. ఉగాది నాడు జరిగిందీ అదే. ఉత్తరమైతే ఒకరు చెప్పేది పూర్తయ్యేదాకా రెండోవాళ్లు ఆగక తప్పదు. అందుకే ఇది. మీరు కూడా కాగితం మీదే జవాబివ్వాలి. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పంపితే లెక్కలోకి రాదు.

నా శనివారాల గురించి మీ తమ్ముడు ఏం చెప్పి ఉంటారో ఊహించగలను. ఉద్యోగం పోయాక చాముండికి మతి కూడా పోయిందని అని ఉంటారు. కొంత నిజమే. ఇరవై ఏళ్లు మందుల కంపెనీలో ఆవిరితో పాత్రలు శుద్ధిచేసే యంత్రాలు పరీక్షించాను. జనవరిలో మా విభాగం మొత్తాన్ని తీసేశారు. ఒక నెల వంటింట్లో డబ్బాలు సర్దాను. సర్దిన డబ్బాలే మళ్లీ సర్దుతుంటే మా అమ్మాయి నైనిక చూడలేక, కోడిగుడ్లు కొందామని ఊరి బయట ఒక ఫార్మ్‌కి తీసుకెళ్లింది. అక్కడ షెడ్డులో ఉంది ఆ ఇంజన్.

రైలింజన్‌ని పట్టాల మీంచి దించి, వెనక మనిషెత్తు ఇనప చక్రాలు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇప్పటి ట్రాక్టర్లు రాకముందు ఇక్కడి పొలాల్లో దున్నకాలకీ నూర్పిళ్లకీ ఇవే వాడేవారట. ఇది 1913 నాటిది. కట్టెలతో మంట పెడితే బాయిలర్‌లో నీళ్లు మరిగి, ఆ ఆవిరితో నడుస్తుంది. దీని యజమాని గోర్డన్ అనే పెద్దాయన. ఎనభై దాటాయి, భార్య పోయింది, పిల్లల్లేరు. నేను షెడ్డులోకి తొంగిచూసి, ప్రెషర్ ఎంతదాకా ఎక్కిస్తారని అడిగాను. గుడ్ల కోసం వచ్చినవాళ్లెవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడిగి ఉండరు. ఆ రోజు గుడ్లు కొనకుండానే ఇంటికొచ్చాం. అప్పట్నుంచీ ప్రతి శనివారం అక్కడే ఉంటున్నాను. అన్నేళ్లు ఆవిరి మధ్య పనిచేశాను గానీ, దాని కింద మంటని ఒక్కసారీ చూడలేదు వదినా.

ఆగస్టులో ఇక్కడ పాత ట్రాక్టర్ల షో ఉంది. మన వైపు ఎడ్లతో బండలాగుడు పోటీలు పెడతారు చూడండి, ఇదీ అదే. ఎడ్ల బదులు ఇంజన్లు, బండ బదులు స్లెడ్ అనే ఇనప బండి. లాగేకొద్దీ దాని మీది బరువు ముందుకు జరిగి, ఇంకా ఇంకా బరువెక్కుతుంది. ఈసారి తన ఇంజన్‌కి మంట చూసే పని నాకిస్తానన్నారు గోర్డన్.

ఆయన షరతు ఒక్కటే. బాయిలర్ పక్కన నిలువుగా ఒక గాజుగొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంత ఉన్నాయో అందులో కనబడుతుంది. దాని విషయంలో అబద్ధమాడకూడదు. చూడకుండా చూశానని అనకూడదు. మిగతావన్నీ క్షమిస్తారట.

మీ
చాముండేశ్వరి

శాన్ రామన్, కాలిఫోర్నియా
ఏప్రిల్ 22

చాముండికి వదిన ఆశీస్సులు.

నీ కవరు చూసి మొదట ఎవరికో ఏదో అయిందనుకున్నాను. ఈ రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరం వస్తే గుండె దడే. విప్పి చదివి, కూర్చుని నవ్వాను. ఫోన్ పెట్టేసేది ఎవరో ఒకరం కాదు, నువ్వే. ముందు అది రాసిపెట్టుకో.

మా అమ్మ కట్టెల పొయ్యి మానేసి గ్యాస్ కొన్న రోజు వీధంతా పంచదార పంచింది. నువ్వు ఇంత దూరం వచ్చి, మాస్టర్స్ చేసి, చివరికి కట్టెల పొయ్యి ముందు కూర్చున్నావు. మా రామమోహన్ ఏమీ అనడులే. వాడి శనివారం మధ్యాహ్నం నిద్ర పాడుకానంతవరకు నువ్వు రాకెట్ నడిపినా వాడికి ఒకటే.

నవ్వుతున్నాను గానీ నాకు భయంగానే ఉంది. నిప్పు, ఆవిరి, అంత ప్రెషర్. నువ్వు జాగ్రత్త మనిషివే. మా ఇంట్లో కడిగిపెట్టిన గ్లాసుని మళ్లీ కడుక్కుని తాగుతావు. అది చూసి నాకు ఎన్నిసార్లు ఒళ్లు మండిందో నీకు తెలీదు. అయినా మన జాగ్రత్త ఒక్కటే అన్నిటికీ సరిపోదు. మా అబ్బాయి శ్రేయాస్ కారు కొన్నప్పుడు గుడికి తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాకే వాణ్ణి స్టీరింగ్ ముట్టుకోనిచ్చాను. నీ ఇంజన్ పుట్టి వందేళ్లు దాటినా దాని ముందు ఒక్క కొబ్బరికాయ కూడా కొట్టి ఉండరు. ఆగస్టులో నేనే వస్తాను. ఆ పెద్దాయన్ని అడిగిపెట్టు. కాదంటే బతిమాలు.

నీ వదిన
విజయశ్రీ

బాతెల్
జూన్ 15

వదినగారికి,

గోర్డన్ ఒప్పుకున్నారు. ఎంతసేపు పడుతుందని అడిగారు, అప్పుడు టోపీ తీయాలా అని అడిగారు, నిమ్మరసం తగిలితే పెయింట్ పోతుందా అని అడిగారు. మూడిటికీ జవాబులు చెప్పాను. వాళ్ల నాన్న కాలంలో నూర్పిళ్లు మొదలుపెట్టే ముందు పాస్టర్ వచ్చి ప్రార్థన చేసేవాడట, తర్వాత తర్వాత అది పోయిందట.

మంట చూడటం నేర్చుకుంటున్నాను. కట్టె ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలుస్తోంది. ఇంజన్ వెనక పెద్ద నీళ్ల తొట్టి ఉంటుంది, అందులోంచి బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించాలి. ఆ నీళ్ల గురించి గోర్డన్ చెప్పే జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి ఎవరో గిన్నెలు తోమిన బకెట్‌తోనే తొట్టి నింపారట. ఆ కాస్త సబ్బుకి బాయిలర్‌లో నురగ లేచింది. నురగ గాజుగొట్టంలోకి ఎక్కితే నీళ్లు నిండుగా ఉన్నట్టే కనబడుతుంది. నిజానికి అడుగున నీళ్లు తగ్గిపోతుంటాయి. అవి బాగా తగ్గి, మంట పైనున్న రేకు బయటపడితే బాయిలర్ పేలిపోతుంది. సబ్బే కాదు, నూనె, జిడ్డు, ఏది కలిసినా అంతేనట. అందుకని బకెట్ రెండుసార్లు కడిగి, ఎండబెట్టి, వేలితో రాసి చూస్తున్నాను. గోర్డన్ దూరం నుంచి చూసి నవ్వుకుంటారు. మీలా ఒళ్లు మండించుకోరు.

ఒక్క దిగులు ఉంది. ఈ షో నడిపే పాత ట్రాక్టర్ల క్లబ్బులో కొందరు ఆయన వయసు గురించి గుసగుసలాడుతున్నారు. ఆయనకీ తెలుసు. ఈ ఏడాది షో చక్కగా జరిగితే వచ్చే ఏడాది ఇంజన్ నడపడం నాకు అప్పజెప్పి, తను పక్కన నిలబడతానన్నారు. షెడ్డులో పడుండి తుప్పు పట్టకుండా, తన తర్వాత కూడా అది నడుస్తూ ఉండాలని ఆయన కోరిక. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు.

చాముండి

శాన్ రామన్
జూలై 20

చాముండికి,

టికెట్ బుక్ చేశాను. శుక్రవారం వచ్చి, షో అయిన రోజు సాయంత్రమే వెళ్లిపోతాను. అంతకంటే ఎక్కువ ఉంటే మనిద్దరికీ మంచిది కాదు.

చిన్న వినాయకుణ్ణి, కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ నేను తెస్తాను. అభిషేకానికి పాలు, పెరుగు, నెయ్యి, తేనె నువ్వు కొనిపెట్టు. ఆరోగ్యం అంటూ నీళ్ల పాలు కొనకు. హోల్ మిల్క్, గ్యాలన్. దేవుడి దగ్గర కక్కుర్తి పనికిరాదు.

మా తమ్ముణ్ణి కూడా తీసుకురా. కొబ్బరికాయ కొట్టడానికి ఎవరో ఒకరు ఉండాలిగా.

వదిన

బాతెల్
ఆగస్టు 28

వదినగారికి,

మీరు గ్యాలరీలో ఉన్నారు కాబట్టి తెల్లటి పొగ చూశారు, జనం పరిగెత్తడం చూశారు, మా ఇంజన్‌ని ఇంకో ట్రాక్టర్‌కి కట్టి లాక్కెళ్లడం చూశారు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే దారిలో ఏమైందని మీరు అడిగితే, ఉత్తరం రాస్తానన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున అంతా బాగానే ఉంది. పూజ అందరికీ నచ్చింది. గోర్డన్ టోపీ తీసి నిలబడటం, మీరు బొట్టు పెడుతుంటే తల వంచడం మీరే చూశారు. మంట బాగా అందుకుంది. బరువు కట్టనంతసేపు ఏ తేడా తెలియలేదు. స్లెడ్ తగిలించి బయల్దేరాం. సగం దూరం వెళ్లేసరికి గాజుగొట్టం పైదాకా నిండిపోయింది. నీళ్లు ఫుల్లుగా ఉన్నాయని నేను ఉత్సాహంగా అరిచాను. గోర్డన్ గొట్టం వైపు చూడలేదు. పైకి, పొగగొట్టం వైపు చూశారు. పొగతోపాటు నీళ్లు చిమ్ముతున్నాయి. ఇంజన్‌లోంచి డబడబమని చప్పుడు వస్తోంది. ఆయన వెంటనే ఆవిరి కట్టేశారు.

కట్టెయ్యగానే గొట్టంలో నీళ్లు నేను చూస్తుండగానే అడుక్కి జారిపోయాయి. నిండుగా ఉన్నదంతా నురగే వదినా. "మంట చంపెయ్" అన్నారు గోర్డన్, ఉప్పు అందివ్వు అన్నంత మామూలుగా. ట్రాక్ మీది తడి మట్టి పారలతో ఎత్తి మంట మీద పోశాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. తర్వాత ఆయన ఇంజన్ మెట్టు మీద కూర్చున్నారు, టోపీ చేతిలో ఉంది, మీరు పెట్టిన బొట్టు నుదుటి మీదే ఉంది.

మర్నాడు క్లబ్బులో భద్రత చూసే లాయిడ్ వచ్చారు. వసంతంలో బాయిలర్ కడిగినప్పుడు వాడిన మందు లోపల మిగిలిపోయి ఉంటుందని ఆయన అనుమానం. గోర్డన్ ఎప్పటిలాగే మూడుసార్లు కడిగానన్నారు. ఖాయంగా చెప్పగలరా అని అడిగారు లాయిడ్. చెప్పలేనన్నారు గోర్డన్. ఇకమీదట క్లబ్బు షోలలో ఆయన మంట పెట్టకూడదని నిర్ణయించారు.

ఇప్పుడు ఆయన గేటు వేశానా లేదా అని వెనక్కి వెళ్లి చూసుకుంటున్నారు. స్టవ్ కట్టానా అని నన్ను అడుగుతున్నారు. అది చూడటం నా వల్ల కావడం లేదు. ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఆ రోజు ఆవిరిలో ఏదో వాసన వచ్చింది. బాగా తెలిసిన వాసనే, ఏమిటో గుర్తు రావడం లేదు. చెబితే, పక్కన తినుబండారాల దుకాణాలున్నాయి కదా అన్నారు అందరూ.

చాముండి

శాన్ రామన్
సెప్టెంబర్ 9

చాముండికి,

నీ ఉత్తరం చదివాక ఆ రోజు వండుకోబుద్ధి కాలేదు. నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు. ఆ పెద్దాయన ముఖమే కళ్లముందు కనబడుతోంది. బొట్టు పెడుతుంటే చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నారు.

ఇది దిష్టి కాక మరేమిటి? అంతమంది చుట్టూ మూగి ఫోటోలు తీశారు. గుమ్మడికాయ కూడా కొట్టి ఉండాల్సింది, అది నాకు తట్టలేదు. మిగతా పూజలో నా వైపు నుంచి ఏ లోపమూ జరగలేదు. సంకల్పం, అభిషేకం, హారతి, అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. అభిషేకం చేసిన పాలు ఎక్కడ పొయ్యాలో తెలియక మాత్రం కాసేపు గిన్నె పట్టుకుని తిరిగాను. మొక్క మొదట్లో పోద్దామంటే ఒక్క మొక్క లేదు. ఎటు చూసినా మట్టి, బూట్లు. దేవుడి మీద పోసినవి తొక్కిడిలో పోస్తామా? నువ్వూ ఆయనా అటువైపు నూనెలు పోస్తున్నారు. ఇటు ఇంజన్ వెనక తొట్టి మూత తెరిచి ఉంది, నిండా శుభ్రమైన నీళ్లు. నదిలో కలిపినట్టే అనుకుని మొత్తం అందులో పోసి దణ్ణం పెట్టుకున్నాను. ఒక్క చుక్క కింద పడలేదు.

కాబట్టి దైవానికి మన మీద కోపం ఉండదు. ధైర్యంగా ఉండు. ఆయనకి నా నమస్కారాలు చెప్పు.

వదిన

బాతెల్
సెప్టెంబర్ 27

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. పూజలో లోపం లేదు. ఆ సంగతి ఇంక ఆలోచించకండి.

మొన్న క్లబ్బు మీటింగ్‌కి వెళ్లాను. ఆ రోజు నేను తొట్టి నింపిన బకెట్ సరిగా కడగలేదని, అందులో సబ్బు ఉండిపోయిందని లేచి చెప్పాను. గోర్డన్ మీద పడ్డ మాట పోతుందనుకున్నాను. లాయిడ్ రాసుకున్నారు. గోర్డన్ మాత్రం నా వైపు చూడలేదు. బయట కారు దగ్గర నన్ను ఆపి, "నువ్వు బకెట్ ఎలా కడుగుతావో నాకు తెలుసు. ముసలాడి కోసం అబద్ధమాడుతున్నావు" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది.

"నాకోసం మంచివాళ్లు అబద్ధాలాడే దశకి వచ్చానంటే ఇక నేను నిప్పు జోలికి వెళ్లకూడదు" అన్నారు. ఆ మర్నాడే నెబ్రాస్కాలో ఎవరికో ఇంజన్ ఇచ్చేస్తానని మాట ఇచ్చారు. వచ్చే నెలాఖరుకి ట్రక్ వస్తుంది. అక్కడ దాన్ని ఒక రెస్టారెంట్ ముందు పెడతారట. మంట పెట్టరు.

నా శనివారాలు ఇప్పుడు ఖాళీ. డబ్బాలు సర్దుతున్నాను. మీ తమ్ముడు నిద్ర మానేసి నాతో కూర్చుంటున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది.

చాముండి

శాన్ రామన్
అక్టోబర్ 8

చాముండీ,

ఈసారి ఆశీస్సులు లేవు. చివర్లో ఇస్తానేమో చూద్దాం.

నీ ఉత్తరం చదివి మొదట నిన్నే తిట్టుకున్నాను, ఒక్క బకెట్ కడుక్కోలేదా అని. తర్వాత నాకే అనుమానం వచ్చింది. కడిగిన గ్లాసు మళ్లీ కడిగే మనిషి బకెట్‌లో సబ్బు వదిలిందంటే ఎవరు నమ్ముతారు? టీకి పాలు పెట్టి, నీ పాత ఉత్తరాలు తీసుకుని వంటింట్లోనే కూర్చున్నాను. సబ్బు సంగతి రాశావే, నురగ లేస్తుందని, జిడ్డు కలిసినా అంతేనని, అది చదువుతున్నాను. ఇంతలో స్టవ్ మీద పాలు పొంగి, గిన్నె అంచు దాటి పడ్డాయి. మాడిన పాల వాసన ఇల్లంతా నిండింది.

నీకు గుర్తురాని వాసన ఏదో అప్పుడు నాకు తెలిసింది.

నైనికకి ఫోన్ చేశాను. "అత్తా, అమ్మ చెప్పొద్దు అంది. బట్ నువ్వే అడిగావు కదా, సో నేను చెప్పినట్టు కాదు" అని అంతా చెప్పింది. నా ఉత్తరం అందిన రోజే నీకు తెలిసిపోయిందట. నాకు తెలిస్తే విరిగిపోతాననుకున్నావా? నాకు చెప్పకుండా నువ్వు నీ నెత్తిన వేసుకున్నావు, నీ నెత్తి మీంచి ఆ పెద్దాయన తన నెత్తి మీదికి తీసుకున్నారు, అసలు పోసినదాన్ని నేను ఇక్కడ హాయిగా అట్లు పోసుకుంటున్నాను. నా పరువు కాపాడమని నిన్ను ఎవరు అడిగారు? చాలా కోపంగా ఉంది నీ మీద. అంతకంటే ఎక్కువ నా మీద ఉంది.

నైనిక దగ్గర నంబర్ తీసుకుని గోర్డన్‌గారికి ఫోన్ చేశాను. బొట్టు పెట్టిన ఆవిణ్ణి అన్నాను, గుర్తుపట్టారు. తొట్టిలో పాలు పోసింది నేనేనని చెప్పాను. ఎంత పోశారని అడిగారు. ఒక గ్యాలన్. ఇంకా ఏమున్నాయి? పెరుగు, తేనె, కొబ్బరినీళ్లు. ఇంకా? నెయ్యి. అంటే బటరా అని అడిగారు. అవునన్నాను. మంట పెట్టకముందా తర్వాతా అని అడిగారు. ముందే అన్నాను. తర్వాత అవతల చప్పుడు లేదు. నీ అలవాటు ఆయనకీ అంటుకుని ఫోన్ పెట్టేశారేమో అనుకున్నాను.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట" అన్నారు. మళ్లీ అదే మాట అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు చాముండీ. క్షమించమని అడిగాను. ఆయన నా మాటకి అడ్డం వచ్చి, అసలు తొట్టిలో ఎందుకు పోశారని అడిగారు. దేవుడి మీద పోసిన పాలు కాళ్ల కింద పడకూడదని చెప్పాను. వాళ్ల చర్చిలో కూడా ప్రసాదంగా ఇచ్చే వైన్ మిగిలితే సింకులో పోయరట. వాళ్లమ్మ దాన్ని బయటికి తీసుకెళ్లి గులాబీ మొక్క మొదట్లో పోసేదట. "మీకు గులాబీ మొక్క దొరకలేదు, అంతే" అన్నారు.

క్లబ్బులో ఆ లాయిడ్‌గారికి కూడా జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాసి పంపాను. శ్రేయాస్ తప్పులు దిద్దుతానంటే ఒప్పుకోలేదు. నా తప్పు నా ఇంగ్లీషులోనే వెళ్లాలి. ఇంక నెబ్రాస్కా ట్రక్ సంగతి నువ్వు చూడు. ఆయన్ని బతిమాలో బెదిరించో ఆపు.

సరే, ఆశీస్సులు.

వదిన

బాతెల్
నవంబర్ 16

వదినగారికి,

ముందు నా మాట. నేను కాపాడింది మీ పరువు కాదు. పూజ పాలు అని చెబితే, ఆ రోజు ఫోటోలు తీసుకున్నవాళ్లంతా నవ్వుతారని నాకు భయం వేసింది. గోర్డన్‌కి ఒక్కరికైనా చెప్పి ఉండొచ్చు. అదీ చెయ్యలేదు. గాజుగొట్టం గురించి అబద్ధమాడకూడదన్న మనిషి ముందు నేను నీళ్ల గురించే అబద్ధమాడాను. అది ఆయనతో చెప్పాను. "అవును" అన్నారు, అంతే. కానీ ఆ శనివారమే కట్టెలు కొట్టడానికి రమ్మన్నారు.

మీరు ఫోన్ చేసిన రోజు ఆయన షెడ్డులోకి వెళ్లి, తొట్టిలోకి చెయ్యి పెట్టి గోడ తడిమారట. నేను వెళ్లేసరికి లైట్ కింద నిలబడి వేలు చూసుకుంటున్నారు. వేలికి తెల్లటి జిడ్డు. నన్ను వాసన చూడమన్నారు. నెయ్యి వదినా. రెండు నెలలు కావస్తున్నా పోలేదు. నెబ్రాస్కాకి అప్పుడే ఫోన్ చేసి ఇంజన్ ఇవ్వనని చెప్పేశారు. నేను బతిమాలాల్సిన అవసరం రాలేదు.

క్లబ్బు మీటింగ్‌లో లాయిడ్ మీ ఉత్తరాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ మాత్రం ఆ ఐదూ కలిపితే రుచి ఎలా ఉంటుందని అడిగింది. బాగుంటుందని చెప్పాను. తర్వాత లాయిడ్ అందరి ముందూ టోపీ తీసి, నురగ అని తెలిసిన క్షణంలో మంట చంపించిన మనిషినే మంట పెట్టొద్దన్నానని గోర్డన్‌కి క్షమాపణ చెప్పారు. వచ్చే ఆగస్టులో ఆయన మళ్లీ మంట పెట్టొచ్చు. స్లెడ్ లాగేది మాత్రం నేను, ఆయన పక్కన నిలబడతారు.

గోర్డన్ ఇప్పుడు గేటు ఒక్కసారే వేస్తున్నారు. స్టవ్ గురించి అడగడం లేదు. నిన్న వెళ్లేసరికి తొట్టి మూత విప్పి, బల్ల మీద పెట్టి, నల్ల పెయింట్ వేసి ఆరబెట్టారు. పక్కన తెల్ల పెయింట్, సన్నటి బ్రష్. "నీళ్లు మాత్రమే" అని మీ భాషలో రాయి అన్నారు. పెద్ద అక్షరాలతో రాశాను. ఒత్తు దగ్గర బ్రష్ కాస్త జారింది, మీరు పట్టుకుంటారని తెలుసు. ఆయన వెనక్కి జరిగి, కళ్లజోడు సర్దుకుని, అక్షరాలు గుండ్రంగా ముద్దుగా ఉన్నాయన్నారు. ఆగస్టు షోకి మీ టికెట్ కొన్నారో లేదో కనుక్కోమన్నారు.

కింద ఇంగ్లీషులో కూడా రాయనా అని అడిగాను.

"అక్కర్లేదు. ఇంగ్లీష్ చదివేవాళ్లెవరూ అందులో పాలు పోయరు" అన్నారు.

మీ
చాముండి